నాలుగు ముక్కల గది

“పడదన్నాడుగా బుజ్జి. మళ్ళీ ఆ మాటెందుకు?” అన్నాడాయన, కంచంలోంచి తల ఎత్తకుండానే.

బుజ్జి అంటే ఆయన తమ్ముడు. నలభై దగ్గర పడింది, నెత్తిన జుట్టు పలచబడింది, బడికెళ్ళే కూతురుంది, అయినా ఆ ఇంటికి ఇంకా బుజ్జే. ఫోను మొరాయించినా, టీవీలో బొమ్మ రాకపోయినా, కరెంటుతో నడిచే వస్తువు ఏది అలిగినా ముందు అతనికే కబురు. రెండు వీధుల అవతల వేరే కాపురం ఉంటున్నాడు గానీ ఈ ఇంటి యంత్రాలన్నిటి మీదా పెత్తనం అతనిదే. అతను పడుతుందంటే పడుతుంది, పడదంటే పడదు. ఈసారి పడదన్నది ఆమె కంప్యూటర్‌లో బొమ్మల బరువు మోసే కొత్త గ్రాఫిక్స్ కార్డు. “నీ మిషన్లో పవర్ సప్లై ఆ కార్డుకి చాలదు వదినా. పెట్టావంటే మొత్తం మాడి కూర్చుంటుంది” అని ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు. వచ్చి చూసింది లేదు, మూత తీసింది లేదు.

“ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండేది కదండీ” అంది ఆమె, ఆయన కంచంలో కూర వడ్డిస్తూ.

“వాడికి చూడక్కర్లేదు, చెప్తే చాలు. అయినా ఇప్పుడున్న కార్డుకేం రోగం? పని జరుగుతోందిగా.”

పని జరుగుతోందిగా. ఆ మాట దగ్గర ఆమె గరిటె ఒక్క క్షణం ఆగింది. ఎలా జరుగుతోందో ఆయన ఎప్పుడైనా పక్కన నిలబడి చూస్తే కదా తెలిసేది.

ఆమెది బొమ్మల పని. ఇంకా కట్టని ఇళ్ళకు, ఇంకా లేవని గోడలకు, లోపల గదులు ఎలా ఉంటాయో కంప్యూటర్లో గీసి చూపించాలి. కిటికీ ఎక్కడ, అందులోంచి పొద్దుటి ఎండ ఏ మూల పడుతుంది, ఆ ఎండలో సోఫా రంగు ఎలా మారుతుంది, అన్నీ నిజంగా ఫోటో తీసినట్టుండాలి. గది గీయడం ఆమె వంతు. గీసిన గదిని ఫోటోలా మార్చడం మిషను వంతు. ఆ రెండో పనికి మిషను తన శక్తంతా పెట్టాలి. సరిగ్గా అక్కడే, శక్తంతా పెట్టాల్సిన చోటే, ఏడాదిగా అది చప్పున ఆగిపోతోంది. తెర నల్లబడుతుంది, లోపల తిరిగే ఫ్యాన్లు నిలిచిపోతాయి, చేసిందంతా గంగపాలు. మళ్ళీ మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

మొదట్లో ఆమెకు ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత ఉపాయం కనిపెట్టింది. గదిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ చిన్నదిగా, మిషనుకు బరువు తెలియకుండా విడివిడిగా చేయించేది. ఒక ముక్క అవగానే దాచుకుని, మిషను ఆపి, చల్లారనిచ్చి, అప్పుడు రెండోది. ఈలోపు కూర తరగడం, బట్టలు ఆరేయడం, తన పాపను బడి నుంచి తీసుకురావడం. నాలుగూ అయ్యాక కూర్చుని అతుకులు కనపడకుండా కలిపేది. ఎండాకాలం డబ్బా ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, తను చెమటలు కక్కుకుంటూ పని చేసేది. జ్వరం వచ్చిన పసిపిల్లకి కూడా ఆ ఇంట్లో ఎవరూ అంత ఊడిగం చేసి ఉండరు.

ఆమె బల్ల ఉన్నది వంటింటికీ భోజనాల బల్లకీ మధ్య నడవలో. అక్కడైతే పొయ్యి మీద కన్నేసి ఉంచొచ్చని ఆయనే పెట్టించాడు. మంచినీళ్ళకు వెళ్ళే ప్రతివాళ్ళూ ఆమె కుర్చీకి తగిలే వెళ్తారు. తగిలినవాళ్ళు ఊరికే వెళ్ళరు, ఒక మాట కూడా తగిలించి వెళ్తారు. “ఎప్పుడు చూసినా ఆ డబ్బా ముందే” అని అత్తగారు. “మళ్ళీ ఆగిందా? నువ్వే ఏదో నొక్కుంటావ్” అని ఆయన. బుజ్జి వచ్చినప్పుడల్లా లోపల దుమ్ము ఊది, “అన్నీ ఒకేసారి తెరవకు వదినా, మిషనుకి కూడా అలుపుంటుంది. మూత మాత్రం నువ్వు విప్పకు, షాక్ కొడుతుంది” అని హితబోధ చేసి, టీ తాగి వెళ్ళేవాడు. నిజమే కాబోలు, తనకే చేతకావడం లేదేమో అని ఆమె ఎన్నిసార్లనుకుందో. చేతకాదు అని నలుగురూ నాలుగు వైపుల నుంచీ అంటూ ఉంటే, అయిదో గొంతు మనదే అవుతుంది.

ఇప్పుడీ కొత్త కార్డు గొడవ స్టూడియో మేడమ్ వల్ల వచ్చింది. పెద్ద పెద్ద కట్టడాలకు బొమ్మలు చేయించే ఆవిడ. ఈమె చేసిన రెండు గదులు చూసి ఫోన్ చేసింది. “వెలుతురు మీరు భలే పట్టుకుంటారండీ. కానీ మూలల్లో అతుకులు కనిపిస్తున్నాయి. ముక్కలుగా చేస్తున్నారా?” అని అడిగింది. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అవునని ఒప్పుకుంది. “పాత కార్డుతో అవస్థ పడుతున్నట్టున్నారు. మాకు ఇంతకు రెట్టింపు పెద్దవి, ఒకే బొమ్మగా కావాలి. ఫలానా కార్డు వేసుకోండి, ఏడాది పొడుగునా పనిస్తాను. మీ పవర్ సప్లై దాన్ని మోస్తుందో లేదో ముందు చూసుకోండి. లేదంటే ఇక్కడికే వచ్చేయండి, మిషన్లున్నాయి, కుర్చీ ఖాళీగా ఉంది. ఏ సంగతీ శనివారం సాయంత్రానికల్లా చెప్పండి” అంది.

కుర్చీ సంగతి ఆమె ఇంట్లో చెప్పనే లేదు. ఎవరూ వద్దనలేదు, అననివ్వనే లేదు. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం అత్తయ్యకు భోజనం ఎవరు పెడతారు, పాప బడి, గ్యాసువాడు, పనిమనిషి రాని రోజు గిన్నెలు... తన మనసులోనే కోర్టు పెట్టుకుని, తనే నేరం మోపుకుని, తనే వాదించుకుని, తనే ఓడిపోయింది. మిగిలింది కార్డు. ఆ కార్డు పడితే ఇంటికీ చెరుపు లేదు, పనికీ చెరుపు లేదు. అందుకే అంత ఆశ పెట్టుకుంది. పడదని బుజ్జి అన్నాక ఆ రోజంతా ఆమెకు దేనిమీదా చేయి ఆడలేదు.

ఒక్కటే గుచ్చుతోంది. మిషను కొన్నప్పుడు, లోపలన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై తనే ఎంచుకుంది. మొదటి పెద్ద పని తాలూకు సంపాదనతో కొన్నది, మర్చిపోయే సంగతి కాదు. దుకాణం అతను రెండు చూపిస్తే పెద్దదాని మీద వేలు పెట్టింది. “రేపు పెద్ద కార్డు పెట్టుకున్నా ఢోకా ఉండదమ్మా” అన్నాడతను. ఈయన పక్కనే నిలబడి “నీ బొమ్మలకి అంతెందుకు?” అన్నాడు. ఆరువందల యాభై వాట్లు అని డబ్బా మీద ఉన్న అంకె కూడా ఆమెకు గుర్తే. ఆ మాటే బుజ్జితో అంటే, “అవన్నీ పైన వేసుకునే అంకెలు వదినా, నిజంగా అంత ఇవ్వవు” అని నవ్వాడు. అంత తెలిసినవాడు నవ్వితే ఇంకేం మాట్లాడుతుంది?

అయినా మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా స్క్రూడ్రైవరు తెచ్చుకుని నడవలో నేలమీద చతికిలబడింది. మేడమ్‌కి “పడదండీ” అని చెప్పడానికైనా ఎంతకు పడదో, ఎందుకు పడదో తన కంటితో చూసుకుని చెప్పాలనిపించింది. ప్లగ్గు పీకేసి, డబ్బా పక్కమూత మరలు తీసింది. షాక్ కొట్టలేదు. మూత పక్కకు జరిపి లోపలికి వంగింది.

పవర్ సప్లై ఎక్కడుంటుందో తెలుసు. వెతికి పట్టుకోవాల్సినది కాదు, అడుగున ఇటుకంత ఉంటుంది. కానీ అక్కడున్నది ఆమె కొన్నది కాదు. తనది నల్లటిది, తీగలన్నీ నల్లటి అల్లిక గుడ్డలో ఒద్దికగా ఉండేవి. ఇది వెలిసిపోయిన బూడిదరంగు రేకు డబ్బా. ఎర్రవీ పచ్చవీ తీగలు జుట్టు విరబోసుకున్నట్టు బయటికొచ్చి ఉన్నాయి. పక్కన అతికించిన కాగితం మీద మూడువందల యాభై అని ఉంది. కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే తీగ దీనికి అసలు లేనే లేదు. వేరే వాటికని ఉన్న రెండు తీగల్ని పట్టి, మధ్యలో ఒక అతుకు పెట్టి, దాంతో కార్డును నడిపిస్తున్నారు. ఆ అతుకు దగ్గర ప్లాస్టిక్కు వేడికి గోధుమరంగుకు తిరిగింది. వేలు పెట్టి చూస్తే పెళుసుగా పొడి రాలింది.

దుకాణం అతను మోసం చేశాడా అనుకుంది. కాదే, బిగిస్తున్నంతసేపూ తను అక్కడే నిలబడింది కదా. పోనీ తనకే తప్పు గుర్తుందా? నల్లటిది చూపించి ఇదే ఇచ్చాడేమో, తనే ఆ నల్లటిదాన్ని ఊహించుకుంటోందేమో. కళ్ళెదురుగా సాక్ష్యం పెట్టుకుని కూడా ఆమె ముందు తన జ్ఞాపకాన్నే అనుమానించింది. అలవాటు అలాంటిది. అప్పుడు రేకు మీద ఒక మూల, సగం చిరిగిన బాతుబొమ్మ స్టిక్కరు కనిపించింది. బుజ్జి కూతురు పసితనంలో ఇంట్లో కనపడ్డ ప్రతిదానికీ ఆ బాతులే అతికించేది. ఈ బాతును ఆమె బుజ్జి వాళ్ళింట్లో, అతని పాత కంప్యూటర్ వెనకవైపు చూసింది. పండు ముక్కలు తినిపిస్తూ ఆ పిల్లకు ఆ బాతును చూపించింది కూడా తనే.

“ఏంటమ్మాయ్, డబ్బా విప్పి కూర్చున్నావు? బుజ్జిని పిలవకపోయావా?” అత్తగారు మంచినీళ్ళకొచ్చి ఆగింది.

“అత్తయ్యా, ఇది నా మిషన్లోది కాదు.”

“ఏదీ, ఆ కరెంటు డబ్బానా? అది బుజ్జి మార్చుకెళ్ళాడుగా. మీ అమ్మ ఆపరేషనప్పుడు నువ్వు అక్కడే ఉండిపోయావు చూడు, అప్పుడు. వాడు కంప్యూటర్లో ఆట ఆడుతుంటే మధ్యలో ఆగిపోతోందిట, గింజుకున్నాడు పాపం. ఇక్కడ నీది ఊరికే పడుందని ఇటుది అటు, అటుది ఇటు పెట్టుకున్నారు. నీకు చెప్పలేదూ?”

“పెట్టుకున్నారంటే? ఎవరెవరు?”

“అన్నదమ్ములిద్దరూను. ఇదిగో, ఇక్కడే కూర్చుని మార్చారు. నేనే టీ పెట్టిచ్చాను” అని నీళ్ళు తాగి, గ్లాసు ఆమె బల్ల మీదే పెట్టి వెళ్ళింది ఆ పెద్దావిడ. మనసులో ఏ కల్మషమూ లేకుండానే వెళ్ళింది.

ఆమె నేలమీద అలాగే కూర్చుండిపోయింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెడు కూడా ఎవరి చేతికీ అంటలేదు. ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన ఇనప కుర్చీలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఆయన ఫోన్ చేసేవాడు. “ఇక్కడంతా బాగానే ఉంది, నువ్వు కంగారు పడి రాకు” అనేవాడు. ఎంత మంచి మనిషి దొరికాడని ఆమె కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ ఫోన్లలో దేనికి ముందు మార్చారో, దేని తర్వాత మార్చారో. తిరిగొచ్చిన వారానికే మిషను మొదటిసారి ఆగింది. ఒక హోటలు వాళ్ళ పని చివరి దశలో ఉంది. ఒకటికి పదిసార్లు ఆగింది. వాళ్ళకు గడువుకు ఇవ్వలేక, ఫోన్లో కాళ్ళావేళ్ళా పడింది. వాళ్ళు మర్యాదగానే వేరేవాళ్ళను చూసుకున్నారు. ఆ రోజు ఆయన భుజం మీద తల పెట్టి “నాకేదీ చేతకాదండీ” అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన వీపు నిమిరి “పోనీలే, నీకెందుకీ కష్టం, మానెయ్” అన్నాడు. ఆ నిమిరిన చెయ్యే టార్చి పట్టుకుని ఉంటుంది, తమ్ముడు మరలు తీస్తున్నప్పుడు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి మూత తీసిన డబ్బా నడవలో అలాగే ఉంది. దాన్ని దాటుకుని రాబోతూ “ఏంటిది?” అన్నాడు.

“నా పవర్ సప్లై బుజ్జి తీసుకెళ్ళాడని మీకు తెలుసా?”

“బుజ్జా? ఎప్పుడు?” అని నిజంగానే ఆలోచించాడు. మొహం విప్పారింది. “ఓ, అదా. ఎప్పటి మాట అది! మర్చేపోయాను.”

అబద్ధం కాదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన అబద్ధం మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఇది అది కాదు. మనిషి నిజంగానే మర్చిపోయాడు. మధ్యాహ్నం నుంచీ ఆమె అనుకుంటూనే ఉంది, తెలిసి దాచాడా, గుర్తులేక ఊరుకున్నాడా, ఏదైతే తను తట్టుకోగలదు అని. దాచి ఉంటే కనీసం, తను ఏడ్చిన రోజున ఆయన గుండెలో ముల్లు కదిలి ఉండేది. దాచేవాడికి ఎదుటిమనిషి అంటే ఓ భయమైనా ఉంటుంది. ఇది అలా కాదు. సైకిల్ పంపు ఇచ్చినట్టు, నిచ్చెన ఇచ్చినట్టు తీసి ఇచ్చేసి, టీ తాగి, మర్చిపోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నారు గానీ, పెళ్ళాం సొమ్ము దానమిచ్చి కనీసం దానకర్ణుణ్ణని కూడా గుర్తుంచుకోని మనిషిని ఏమనాలో ఏ సామెతలోనూ లేదు.

“ఆగిపోయినప్పుడల్లా మీ ఎదురుగానే కదా ఏడ్చాను” అంది.

“అందుకే ఆగుతోందని నాకేం తెలుసు? నేనేమైనా ఇంజినీర్నా?”

“నేనే ఏదో నొక్కుంటానని మాత్రం తెలిసిందే.”

ఆయన బూట్లు విప్పుతూ ఆగాడు. “చూడు, గోటితో పోయేదానికి గొడ్డలి తీయకు. కొత్తది కొనిస్తాలే. వాడి దగ్గర్నుంచి ఇప్పుడు వెనక్కి అడిగితే ఏం బాగుంటుంది?”

“నాది నాకు కావాలి.”

“వాడేమనుకుంటాడు?”

వాడేమనుకుంటాడో అని తన వస్తువు తనకు లేకుండా పోవడం ఇది మొదటిసారా? వంటింట్లోకి వెళ్ళి కూర కలిపింది. రాత్రి భోజనాలు మామూలుగానే అయ్యాయి. ఆయన ఒకటి రెండుసార్లు ఆమె మొహం వైపు చూసి, గొడవ సద్దుమణిగిందని తీర్మానించుకున్నాడు.

శనివారం పొద్దున ఆమె ఆ బూడిదరంగు డబ్బాను తనే ఊడదీసింది. వెనక నాలుగు మరలు, లోపల కొన్ని తీగలు. ఏ తీగ ఎక్కడిదో ఫోన్లో ఫోటో తీసుకుంది. కూరల సంచీలో వేసుకుని రెండు వీధులూ నడిచింది. చెప్పి బయల్దేరలేదు. ఎక్కడికని ఎవరూ అడగనూ లేదు, సంచీ పట్టుకుని వెళ్ళే ఆడదాన్ని ఎక్కడికని ఎవరడుగుతారు?

తలుపు తీసింది తోడికోడలు. బడిలో పాఠాలు చెబుతుంది. జవాబు కాగితాలు హాల్లో నేలంతా పరుచుకుని, ముందుకు వంగి దిద్దుతూ ఉంది కాబోలు, ఎర్రపెన్ను చెవి మీద ఉంది. “రా అక్కా” అని కాగితాలు జరిపి దారి చేసింది. లోపలి గదిలో బుజ్జి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆట ఆడుతున్నాడు. ఆ గదికి తలుపుంది. కిటికీకి తెర ఉంది. మెడ వరకూ వచ్చే ఎత్తు వీపు కుర్చీ ఉంది. ఆటకు గది, పరీక్ష కాగితాలకు నేల. ఈ ఇంటికి ఇన్నిసార్లు వచ్చింది గానీ ఆమె కళ్ళకు అది ఇవాళే కనపడింది.

“బుజ్జీ, కాస్త ఆపు.”

అతను ఒక చెవి తీశాడు. “వదినా! కూర్చో, ఒక్క మ్యాచ్. మధ్యలో వదిలేస్తే మావాళ్ళు తిడతారు.”

“నా పవర్ సప్లై తీసుకెళ్ళడానికొచ్చాను. నీది తెచ్చాను.” సంచీలోంచి బాతుబొమ్మ డబ్బా తీసి అతని కీబోర్డు పక్కన పెట్టింది.

అతని మొహం ఎర్రబడింది. అన్నలా కాదు, ఇతనికి అంతా గుర్తే. “అది... అన్నయ్యను అడిగే తీసుకున్నాను వదినా.”

“అది అన్నయ్యది కాదుగా.”

“నీ పనికి అంత అవసరం పడదనుకున్నా. బొమ్మలే కదా అని.”

“నీది ఆటే కదా బుజ్జీ.”

అతను నవ్వబోయి మానుకున్నాడు. “సరే సరే. రేపు నేనే తెచ్చి బిగించి వెళ్తాగా. నువ్వు విప్పలేవు వదినా, అందులో చాలా ఉంటాయి.”

ఆమె గోడదగ్గరికి వెళ్ళి స్విచ్ ఆపింది. తెరమీద ఆట ఉన్నపళంగా నల్లబడింది. అతను చేతులు గాలిలోనే పెట్టుకుని ఉండిపోయాడు. ఆమెకు జాలి వేయలేదు. ఆ చీకటి తెర ముందు చేతులు గాలిలో పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

డబ్బా బల్ల కిందినుంచి ఇవతలికి లాగి, మూత విప్పి, లోపలికి వంగింది. చీకటిగా ఉంది. ఇంతలో వెనకనుంచి వెలుతురు పడింది. తోడికోడలు ఫోన్ టార్చి పట్టుకుని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. మూడో మర ఊడుతున్నప్పుడు మెల్లగా అంది, “మీరు కొత్తది కొనుక్కున్నారని చెప్పాడక్కా నాకు. పాతది బావగారు ఇచ్చేశారన్నాడు.”

“కొంచెం కిందికి పట్టు. ఆఁ, అలాగే” అంది ఆమె.

బుజ్జి వెనకాలే నిలబడి “ఆ పెద్ద తీగ జాగ్రత్త, పక్కన నొక్కి లాగాలి” అంటున్నాడు. అప్పటికి అది ఊడి ఆమె చేతికొచ్చేసింది. నల్లటి డబ్బా, నల్లటి అల్లిక తీగలు. పక్కన కాగితం మీద ఆరువందల యాభై. తన జ్ఞాపకం తప్పు కాదు. అది చూశాక, అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషికి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. తోడికోడలు టార్చి పక్కకు తిప్పుకుంది.

ఇంటికొచ్చి బిగించుకునేసరికి భోజనాల వేళ దాటింది. మూలల్లో అతుకులున్నాయని స్టూడియో మేడమ్ అన్న గదినే తెరిచింది. ఈసారి ముక్కలు చేయలేదు. మొత్తం గది ఒక్కసారిగా ఇచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్యాన్లు జోరందుకున్నాయి. ఆగుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. ఆగలేదు. మసకగా మొదలై, కిటికీ తేలింది, కిటికీలోంచి ఎండ తేలింది, ఎండ నేలమీదుగా పాకి ఎదుటి గోడకెక్కింది. మూలల్లో అతుకు లేదు. ఏడాదిగా ఆమె ఒక గదిని ఒక గదిలా చూడలేదు.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేసింది. ప్రాసెసర్ ఎంత కరెంటు తాగుతుంది, మేడమ్ చెప్పిన కార్డు ఎంత తాగుతుంది, మిగతా చిల్లరమల్లర ఎంత. అన్నీ కలిపినా పవర్ సప్లై ఇచ్చేదానిలో మూడో వంతు మిగులుతోంది. కార్డుకు కావాల్సిన విడి తీగ కూడా దీనికుంది. బ్రహ్మవిద్య ఏమీ కాదు, కూడికలు వస్తే చాలు.

సాయంత్రం ఆయన బజారు నుంచి వచ్చేసరికి తెర మీద ఆ గది వెలుగుతోంది. బుజ్జి ఫోన్ చేసి అంతా చెప్పినట్టున్నాడు, నెమ్మదిగా వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. “బాగుంది” అన్నాడు. నిజంగానే అన్నాడు. “పోనీలే, మొత్తానికి నీది నీకొచ్చింది. ఇంతకీ ఆ కార్డు పడుతుందా?”

ఈ ప్రశ్న ఆయన ఆమెను అడగడం ఇదే మొదలు.

“పడుతుంది.”

“ఇంకేం మరి! రేపే తెచ్చేద్దాం. హాయిగా ఇల్లు కదలకుండా చేసుకోవచ్చు.”

“అయితే ఆ టీ ఏదో పెట్టమ్మా, తలనొప్పిగా ఉంది” అంటూ అత్తగారు ఆమె కుర్చీకి తగులుకుంటూ వంటింటి వైపు వెళ్ళి, పొయ్యి ఆరిపోయి ఉండడం చూసి మళ్ళీ తగులుకుంటూ వచ్చింది.

ఆమె లేవలేదు. నిన్నటిదాకా ఈ క్షణం కోసమే కదా తను ఆశపడింది. మిషను బాగుంది, కార్డు పడుతుంది, ఆయన కూడా సరేనన్నాడు. కావాల్సినవన్నీ చేతికొచ్చి, సంతోషం మాత్రం రావడం లేదు. రేపు అమ్మకు మళ్ళీ బాగాలేకపోతే? తను మళ్ళీ వెళ్ళాల్సొస్తే? ఈసారి ఇందులోంచి ఏది వెళ్తుంది? కార్డా? లేక ఈ బల్లేనా? వాళ్ళు దొంగలు కారు, దొంగలైతే తాళం వేసుకునేది. వాళ్ళకు ఇక్కడ తన పని ఒకటి జరుగుతోందని కనపడదు, అంతే. నడవలో కూర్చున్నన్నాళ్ళూ కనపడదు. ఎంత పెద్ద కార్డు పెట్టినా కనపడదు. మనసులో తను పెట్టుకున్న ఆ కోర్టుకు ఆమె ఇప్పుడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి నేరం మోపేవాళ్ళు ఎవరూ రాలేదు. రావాల్సింది తనే కదా, తను రాలేదు.

ఫోన్ తీసి స్టూడియో మేడమ్‌కు కలిపింది.

“చెప్పండి, చూశారా? పవర్ సప్లై సరిపోతుందా?” అంది మేడమ్.

“సరిపోతుందండీ. లెక్క వేసి చూశాను, ఇంకా మిగులుతుంది కూడా.” ఒక్క క్షణం ఆగింది. “అయినా నేను అక్కడికే వస్తానండీ. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంటే, సోమవారం నుంచి.”

అవతల మేడమ్ ఏదో సంతోషంగా అంది. వేళలు చెప్పింది. ఆమె అన్నిటికీ సరేనండీ, సరేనండీ అని ఫోన్ పెట్టేసింది.

నడవలో ఎవరూ కదలలేదు. అత్తగారు కొడుకు మొహం చూసింది. ఆయన ఆమె మొహం, తెర మీది గది, మళ్ళీ ఆమె మొహం చూశాడు. ఏ కుర్చీ అనలేదు, ఏం పని అనలేదు. ఇన్నేళ్ళూ ఆయన ప్రశ్న అడిగే లోపే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఫలానా వాళ్ళను బతిమాలాను, ఫలానా పని తెల్లారే చేసేస్తాను, మీకేం ఇబ్బంది ఉండదు అని అంతా ముందే సర్ది పెట్టుకుని వచ్చేది. ఆ జవాబు కోసమే ఆయన ఎదురుచూశాడు. అది రాకపోయేసరికి తనే అడిగాడు.

“మరి పాపను బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?”

“మీరు” అంది ఆమె.